ఊరి నీటి పనులకు ఉపాధి హామీలో దరఖాస్తు ఎలా చేయాలి?

"మా ఊరికి చెక్‌డ్యాం మంజూరు చేయగలరు" అని ఒక్క వాక్యం రాసి, కింద పది సంతకాలు పెట్టి ఇచ్చే అర్జీలు చాలావరకు ముందుకు కదలవు. వాగు ఏ సర్వే నంబరులో ఉంది, నీరు ఎటు నుంచి వస్తుంది, కట్టాక ఎవరు చూసుకుంటారు అన్నది అందులో ఉండదు. అందుకే కలం పట్టే ముందు ఊరివాళ్లు కలిసి ఒకసారి గుట్ట ఎక్కాలి.

ఎకరం నేల మీద ఒక సెంటీమీటరు వాన కురిస్తే సుమారు 40 వేల లీటర్ల నీరు. ఆ నీరు ఎటు దొర్లుతుందో, ఎక్కడ మట్టిని కోస్తుందో పశువుల కాపరులకు బాగా తెలుసు; వాళ్లను తప్పక వెంట తీసుకెళ్లండి. పైనుంచి కిందికి నడుస్తూ రాసుకోండి: వాలులో కందకాలు, చిన్న వంకల్లో రాతి అడ్డుకట్టలు, ఆ దిగువన నీరు నేలలోకి ఇంకే ఊట కుంట, చివరగా చెక్‌డ్యాం. పైన మట్టిని ఆపకుండా కింద చెక్‌డ్యాం కడితే కొద్ది వానలకే పూడిపోతుంది. కాబట్టి చెక్‌డ్యాం ఒక్కటే అడగవద్దని గట్టిగా చెబుతాను. పైగా 2005 ఉపాధి హామీ చట్టం ప్రకారం సిమెంటు వంటి సామగ్రి ఖర్చు మొత్తం ఖర్చులో 40 శాతం దాటకూడదు. కందకాలకు సిమెంటుతో పని లేదు, ఖర్చు దాదాపు అంతా కూలీదే.

కందకం ఒకే మట్టంలో సాగాలి. రెండు సమానమైన కర్రలను పైన కలిపి కట్టి, నడుమ అడ్డకర్ర బిగించి, కొసనుంచి దారంతో రాయి వేలాడదీయండి. దారం అడ్డకర్ర మీది నడిమి గుర్తుకు ఆనితే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. అక్కడ సున్నంతో చుక్క పెట్టి, ఒక కాలిని కదపకుండా రెండోదాన్ని తిప్పుతూ ముందుకు పోవడమే. ఈ గుర్తులు వేసి ఉంచితే, కొలతలకు వచ్చే టెక్నికల్ అసిస్టెంటుకు మీ ఊరు ఎంత సిద్ధంగా ఉందో నేలే చూపిస్తుంది.

ఇక దరఖాస్తు. సర్పంచి, పంచాయతీ కార్యదర్శి పేరిట తెల్లకాగితం మీద రాయవచ్చు. పని పేరు, సర్వే నంబరు, సుమారు పొడవు వెడల్పులు, లాభపడే బావులు, పొలాలు, ఏటా పూడిక తీసే బాధ్యత తీసుకునే వారి పేర్లు ఉండాలి. చేత్తో గీసిన పటం జతచేయండి. ప్రైవేటు భూమి మునిగేలా ఉంటే ఆ రైతు రాతపూర్వక సమ్మతి ముందే తీసుకోండి. పనులు మధ్యలో ఆగేది ఎక్కువగా ఇక్కడే. అటవీ భూమి అయితే ఆ శాఖను అడగాలి. ఇచ్చిన కాగితానికి తేదీతో రసీదు తీసుకోండి.

తర్వాత గ్రామసభ. 2018 నుంచి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల కార్యక్రమం అక్టోబరు 2న మొదలవుతోంది కాబట్టి సెప్టెంబరులోనే దరఖాస్తు చేరేలా చూడండి. సభలో తీర్మానం చదివినప్పుడు సర్వే నంబరుతో సహా మీ పని పేరు వినిపించాలి. వినిపించకపోతే లేచి అడగండి. గుట్ట ఎక్కిన ఆడవాళ్లు, కాపరులు ఆ రోజు సభలో ఉంటే మాటకు బలం వస్తుంది. తీర్మానం అయ్యాక అంచనా తయారీ, సాంకేతిక, పరిపాలన మంజూరు మండల, జిల్లా స్థాయుల్లో జరుగుతాయి.

మంజూరు వచ్చింది కదా అని ఎదురు చూస్తూ కూర్చోకండి. జాబ్ కార్డు ఉన్న కుటుంబాలు పని కావాలని విడిగా దరఖాస్తు పెట్టాలి. చట్టం ప్రకారం 15 రోజుల్లో పని చూపించాలి, లేదంటే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. కాంట్రాక్టర్లకు ఈ పనుల్లో చోటు లేదు. ఎవరైనా కూలీలకు బదులు యంత్రం దించితే మండల స్థాయిలో ఉండే ప్రోగ్రాం అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అది ఆయన పరిధిలోనిదైతే ఏడు రోజుల్లో పరిష్కరించాలని అదే చట్టం చెబుతోంది.

సొంత పొలంలో నీటి కుంట కావాలనుకునే వారికి దారి కొంచెం వేరు. ఎస్సీ, ఎస్టీ, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలు, మహిళలే ఇంటి పెద్దలుగా ఉన్న కుటుంబాలు వంటి వారికి మొదటి వరుస, ఆ తర్వాత సన్న, చిన్నకారు రైతులకు. జాబ్ కార్డు ఉండాలి, ఇంట్లో ఒక్కరైనా ఆ పనిలో పాల్గొనాలి.

పని నడుస్తున్నన్నాళ్లూ మస్టరు (కూలీల హాజరు పట్టీ), కొలతల వివరాలు ఊళ్లో చదువుకున్న ఒకరు వారం వారం సరిచూసి, నకళ్లు దాచండి. పనిని, ఖర్చును ఊరివాళ్ల ముందు సరిచూసే సామాజిక తనిఖీ బృందం వచ్చిన రోజున ముందుగా వాటినే బయటికి తీయాలి.