అక్రమ రవాణా నిర్వచనాన్ని చదివే పద్ధతి

వ్యభిచారం, లైంగిక దోపిడీలకు సంబంధించిన చట్టాన్ని చదివేటప్పుడు శిక్షల సెక్షన్ల కంటే ముందు నిర్వచనాల భాగాన్ని చూడండి; ఎవరు నేరస్థులు, ఎవరు బాధితులు అన్నది తేలేది అక్కడే. మనుషుల అక్రమ రవాణాను అరికట్టేందుకు 2000 నవంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన అంతర్జాతీయ ఒప్పందమైన పాలెర్మో ప్రోటోకాల్‌లోని 3వ అధికరణాన్ని ఉదాహరణగా తీసుకుని, అక్రమ రవాణాను నిర్వచించే అందులోని పొడవాటి వాక్యాన్ని చేసిన పని, వాడిన మార్గం, వెనుక ఉన్న ఉద్దేశం అని మూడుగా విడదీసుకోండి.

ఉద్యోగం ఇప్పిస్తానని అబద్ధం చెప్పి, వ్యభిచారంలోకి దింపాలన్న ఆలోచనతో ఒక యువతిని వేరే ఊరికి తీసుకువెళ్లిన వ్యక్తి విషయంలో తరలించడం పని, మోసం మార్గం, దోపిడీ ఉద్దేశం. ఆమె ఇష్టపడే బయలుదేరింది కదా అని నిందితుడి తరఫున వాదన రావచ్చు. దోపిడీ కోసం మోసం చేసినట్లు తేలిన చోట ఆ సమ్మతిని లెక్కలోకి తీసుకోకూడదని అధికరణం స్పష్టంగా చెబుతోంది. "నిస్సహాయ స్థితిని దుర్వినియోగం చేయడం" అన్న మాటలను మాత్రం దయచేసి దాటవేయకండి, ఎందుకంటే దెబ్బా బెదిరింపూ లేకుండా జరిగే దోపిడీని పట్టుకునేవి అవే. 18 ఏళ్లు నిండనివారి విషయంలో మార్గాన్ని రుజువు చేయాల్సిన అవసరమే లేదు.

"లైంగిక దోపిడీ"ని ప్రోటోకాల్ విడిగా నిర్వచించలేదు కాబట్టి, దాని అర్థాన్ని ఆయా దేశాల చట్టాల్లో వెతకాలి. అక్కడి నిర్వచనం ఇచ్చే జాబితాలో "కూడా చేరతాయి" అని రాసి ఉంటే, జాబితాలో లేని సందర్భానికీ ఆ నిర్వచనం వర్తించే అవకాశం ఉంటుంది.