ఇంకొకరి జేబు చాకు మీ చేతికొచ్చినప్పుడు

పాతకాలపు మడత చాకులంటే ఇష్టం ఉన్నవాళ్ళు ఇద్దరు కలిస్తే, కాసేపటికి ఎవరో ఒకరు "ఇవాళ జేబులో ఏముంది?" అని అడగకుండా ఉండరు. అడిగాక రెండు చాకులు చేతులు మారతాయి. కొత్తగా ఇందులోకి వచ్చినవాళ్ళు ఏ కంపెనీది కొనాలి, ఏ స్టీలు మంచిది అని తెగ చదువుతారు గానీ, ఎదుటివాళ్ళ చాకుని ఎలా తీసుకోవాలి, ఎలా తిరిగివ్వాలి అన్నది మాత్రం వాళ్ళకి చెప్పేవాళ్ళు తక్కువ. నన్నడిగితే ముందు నేర్చుకోవాల్సింది అదే. అవతలివాళ్ళు మీకిచ్చింది రోజూ వాడుకునే వస్తువు, ఒక్కోసారి వాళ్ళ తాతగారు వాడి ఇచ్చిపోయినది కూడా కావచ్చు.

ముందు "తెరవనా?" అని అడగండి. చాలావాటిలో లాక్ ఉండదు. వీటిని స్లిప్‌జాయింట్లు అంటారు, పిడి వీపున ఉన్న స్ప్రింగు బ్లేడు మొదలుని నొక్కి పట్టడం వల్లే బ్లేడు తెరుచుకుని నిలబడుతుంది, అంతకు మించి దాన్ని ఆపేది ఏమీ లేదు. బ్లేడు మీదున్న గోటి గాడిలో బొటనవేలి గోరు పెట్టి నెమ్మదిగా లాగండి, రెండో చేతి వేళ్ళు బ్లేడు తిరిగే దారిలో లేకుండా చూసుకోండి. కొన్ని స్ప్రింగులు చాలా బిగువుగా ఉంటాయి. ఈ బిగువుకి మావాళ్ళు పదికి మార్కులు వేసుకుంటారు, 5 లేదా 6 అయితే హాయిగా తెరుచుకుంటుంది, 8 దాటితే గోరు విరుగుతుందేమోనని భయం. రాకపోతే బలవంతం చేయకుండా తిరిగిచ్చేసి వాళ్ళనే తెరవమనండి, అందులో నామోషీ ఏమీ లేదు. మణికట్టు విదిలించి తెరవడం మాత్రం వద్దు, పాత చాకుల కీలు దాన్ని తట్టుకోలేదు.

మూసేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. బ్లేడు వీపు మీద అరచేయి ఆనించి నొక్కుతూ, చివరిదాకా చేత్తోనే తీసుకెళ్ళండి. మధ్యలో వదిలేస్తే స్ప్రింగు దాన్ని టప్పున లోపలికి లాగేస్తుంది, కొన్ని చాకుల్లో అప్పుడు అంచు వెళ్ళి లోపలి స్ప్రింగుకి తగిలి, తగిలినచోట పదును పోతుంది. కొన్ని మోడళ్ళలో బ్లేడు 90 డిగ్రీల దగ్గర ఒకసారి ఆగుతుంది, దాన్ని హాఫ్ స్టాప్ అంటారు. అది కొత్తవాళ్ళకి మంచిదే, వేళ్ళు సర్దుకోవడానికి ఓ క్షణం దొరుకుతుంది.

తెరిచాక ఏం చూడాలి? చెవితో మొదలుపెట్టండి. బ్లేడు పూర్తిగా తెరుచుకున్నప్పుడు, మూసుకున్నప్పుడు వచ్చే ఆ గట్టి చప్పుడుని వాక్ అండ్ టాక్ అంటారు, ఈ చాకుల మీద పిచ్చి పట్టేది చాలామందికి అక్కడే. తర్వాత దీపానికి ఎదురుగా పట్టుకుని స్ప్రింగుకీ పక్క రేకులకీ మధ్య వెలుతురు కనిపిస్తుందేమో చూడండి, బ్లేడు అటూ ఇటూ ఊగుతుందేమో వేలితో తేలిగ్గా తాకి చూడండి, పిడి వీపు మీద వేలు నడిపి స్ప్రింగు సమంగా ఉందో లేదో చూడండి. అయితే కనిపించిన లోపాలన్నీ వరసగా చదవకండి. అడిగితే నిజం చెప్పండి, అడగకపోతే మీకు నచ్చినదాని గురించి మాట్లాడండి. ఎముక పిడి మీద చెక్కిన గాళ్ళు ఏళ్ళ తరబడి జేబులో అరిగి నునుపెక్కిన తీరు చాలు, గంటసేపు మాట్లాడుకోవచ్చు.

మాట్లాడటానికి ఇంకో మంచి చోటు బ్లేడు మొదట్లో ఉండే ముద్ర. అమెరికాలో 1889లో మొదలైన కేస్ కంపెనీ చాకుల మీద 1970లో ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఆ దశాబ్దంలో ఏటా ఒక్కో చుక్క తగ్గిస్తూ వచ్చారు. కాబట్టి ఏడు చుక్కలుంటే అది 1973ది. ఇలాంటి ముద్ర చదివి ఎదుటివాళ్ళకి వాళ్ళ నాన్నగారి చాకు వయసు చెప్పగలిగితే వాళ్ళ మొహంలో వచ్చే సంతోషం చూడాలి. ఆకారాల పేర్లు కూడా నెమ్మదిగా పట్టుబడతాయి. పొడుగాటి లోహపు తల ఉన్నది బార్లో, రెండు పొడవాటి బ్లేడులున్నది ట్రాపర్. మామూలుగా మూడు బ్లేడులుండేది స్టాక్‌మన్, పశువుల కాపరుల కోసం వచ్చింది. అందులో మొద్దు ముక్కుతో ఉండే స్పే బ్లేడు పశువుల వృషణాలు తీయడానికి పెట్టినది, ఇప్పుడు ఎక్కువమంది దాంతో కవర్లు కోస్తున్నారు.

తిరిగి ఇచ్చేముందు బ్లేడు తుడవండి. కార్బన్ స్టీలైతే ఇది తప్పనిసరి, వేలిముద్రల్లోని చెమట, ఉప్పు చాలు రాత్రికి రాత్రే తుప్పు చుక్క పడటానికి. తుడిచి, మూసి, అప్పుడు ఇవ్వండి. తెరిచి ఉన్నదే ఇవ్వాల్సి వస్తే బల్ల మీద పెట్టండి, వాళ్ళే తీసుకుంటారు. చేతికే ఇవ్వాలంటే పిడి వాళ్ళవైపు, అంచు ఎవరి చేతులకీ తగలనివైపు.

కార్బన్ స్టీలు సంగతి వచ్చింది కాబట్టి, బ్లేడు మీద బూడిదరంగు, నీలం మచ్చలు చూసి "పాడైపోయిందే" అనకండి. పండ్లు, ఉల్లిపాయలు కోస్తూ ఉంటే వచ్చే ఆ పొరని పాటినా అంటారు. అది ఎర్ర తుప్పుని కొంతవరకు ఆపుతుంది, పైగా ఆ చాకుని వాళ్ళు నిజంగా వాడుతున్నారని చెబుతుంది. దాన్ని రుద్ది మెరిపించి తిరిగివ్వడం సాయం కాదు, వాళ్ళ ఏళ్ళ గుర్తుల్ని చెరిపేయడం. అలాగే అడగకుండా సాన పట్టకండి. ఒక్కొక్కరిదీ ఒక్కో కోణం, ఒక్కో పక్కకి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, మీ అలవాటు వాళ్ళ అంచు మీద పడితే ఇంకోసారి మొదటినుంచి దిద్దుకోవాలి. కావాలంటే కలిసి కూర్చోండి. ఒక సానరాయి మధ్యలో పెట్టుకుని ఎవరి చాకు వాళ్ళు పదును పెట్టుకుంటూ మాట్లాడుకోవడం కంటే మంచి సాయంత్రం నాకైతే తెలియదు.

కీలులో దుమ్ము చేరితే గోరువెచ్చని సబ్బు నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఒక చుక్క మినరల్ ఆయిల్ వేయండి. వంటనూనె వద్దు, కొన్నాళ్ళకి జిగురుగా తయారవుతుంది. ఎముక, కొమ్ము, చెక్క పిడులని నీళ్ళలో నానబెట్టకండి. తోలు ఒరలో నెలల తరబడి ఉంచకండి, తోలు బాగుచేసేటప్పుడు వాడిన పదార్థాల వల్ల బ్లేడు తుప్పు పట్టొచ్చు. పాత సెల్యులాయిడ్ (తొలినాళ్ళ ప్లాస్టిక్) పిడి ఉన్నవాటిని మాత్రం తప్పకుండా విడిగా పెట్టండి. అది పాడవడం మొదలైతే వచ్చే ఆవిరి పక్కనున్న చాకులని కూడా తినేస్తుంది. మార్పిడికో అమ్మకానికో అలాంటిది ఇస్తుంటే ఆ మాట ముందే చెప్పాలి. లోపం దాచి ఇచ్చినవాళ్ళ పేరు ఈ చిన్న లోకంలో ఎప్పటికీ మరిచిపోరు.

బయట తిరిగేటప్పుడు మీ దగ్గరి చట్టం ఏం ఒప్పుకుంటుందో తెలుసుకుని పెట్టుకోండి, విమానంలో చేతి సంచిలో పెట్టకండి. చాకు చూసి కంగారుపడేవాళ్ళు పక్కన ఉంటే జేబులోనే ఉంచండి.

చివరగా, ఇవ్వడం. కొత్తగా ఆసక్తి చూపిస్తున్నవాళ్ళకి మీ దగ్గర రెండున్న వాటిలో ఒకటి ఇచ్చేయండి, ఖరీదైనదే కానక్కర్లేదు. కొని ఇవ్వాలనుకుంటే ఓపినెల్ 8వ నంబరు మంచిది. ఫ్రాన్స్‌లో 1890 నుంచి చాకులు చేస్తున్న కంపెనీది, బ్లేడు 8.5 సెంటీమీటర్లు, 1955లో వచ్చిన తిప్పే రింగు వల్ల బ్లేడు తెరిచాక దానంతటది మూసుకోదు. స్ప్రింగుతో ఇంకా అలవాటు పడని చేతులకి అది ధైర్యం. చాకు ఊరికే తీసుకుంటే స్నేహం తెగుతుందని చాలా దేశాల్లో ఒక నమ్మకం, అందుకే తీసుకున్నవాళ్ళు బదులుగా ఒక నాణెం ఇస్తారు. కొందరు ఇచ్చేవాళ్ళే పెట్టెలో ఆ నాణెం కూడా పెట్టి పంపుతారు, అవతలివాళ్ళు దాన్ని తిరిగిచ్చేయడానికి. మీరూ అలాగే పెట్టండి, దాంతోపాటు ఓ చిన్న గుడ్డ ముక్క, ఎక్కడ నూనె వేయాలో రాసిన చీటీ కూడా.