సముద్రంలో పోయిన పెద్దల మరణ రికార్డు వెతికే ముందు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మగవాళ్లంతా ఊళ్లోనే ఉంటారు, తాతల కాగితాలు వెతకడానికి ఇదే వీలు.

శవం దొరకని కేసులో చనిపోయిన తేదీ ఊహించి అఫిడవిట్‌లో రాయకండి. ఏడేళ్లు జాడ లేకపోతే మరణించినట్టు చట్టం భావిస్తుంది, ఫలానా రోజునే పోయారని మాత్రం అనుకోదు. రేపు ఆ తేదీ ఇంకో కాగితంతో కలవకపోతే ఆస్తి పని అక్కడే ఆగిపోవచ్చు.

అప్పట్లో ఊరు ఏ జిల్లాలో ఉందో తేల్చుకోండి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం 1979లో ఏర్పడ్డాయి. 1950కి ముందువి విశాఖపట్నం పేరుతో వెతకాలి. ఇచ్ఛాపురం, సోంపేట వైపు 1936కి ముందైతే గంజాం.

రంగూన్ స్టీమరులో పోయారా? 1891 తర్వాత బ్రిటిష్ ఓడల్లో జరిగిన మరణాల రిజిస్టర్లు లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఓడ పేరు, ఏడాది తెలిస్తే సగం టెన్షన్ తగ్గినట్టే.

పిలుపు పేరుతో కూడా వెతకండి. గురువులు, గురయ్య ఒకరే కావచ్చు.

రికార్డు లేదంటే ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి. ఏడాది దాటిన మరణం నమోదు చేయాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, అక్కడ అది అడుగుతారు.