పార్కు ఒడ్డును నది కోసుకుపోకుండా కాపాడడం ఎలా?

నది ఒడ్డున ఉన్న పార్కులో కోత మొదలైందని తెలియగానే చాలా చోట్ల జరిగే మొదటి పని, గట్టు పైఅంచున గోడ కట్టడం. కోత కళ్లకు కనిపించేది అక్కడే కనుక వైద్యం కూడా అక్కడే చేయాలని అందరికీ అనిపిస్తుంది. నది మాత్రం గట్టును పైనుంచి కోయదు. నీళ్ల అడుగున, ఎవరి చూపూ పడని పాదం దగ్గర మట్టిని కొద్దికొద్దిగా తీసుకుపోతుంది. ఆసరా పోయిన పైమట్టి తన బరువుకు తానే పెళ్లలుగా విరిగి పడుతుంది. అందువల్ల ఈ పని పాదం దగ్గర మొదలై పచ్చికతో ముగియాలి. ఈ క్రమాన్ని తిరగేసి చేసిన పనులు రెండో వరదకే కొట్టుకుపోవడం చాలాసార్లు చూశాను కనుక, చిన్న, మధ్యతరహా నదుల ఒడ్డున నేను పాటించే పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

కోత ఎక్కడ, ఎందుకు

నది వంపు తిరిగే చోట ప్రవాహం వెలుపలి ఒడ్డును ఒరుసుకుంటూ పోతుంది, లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తుంది. మీ పార్కు వెలుపలి ఒడ్డున ఉంటే కారణం కోసం వెతకనక్కరలేదు. తిన్నగా పారే చోట కూడా కోత పడుతుంటే, ఎగువన కొత్తగా ఏర్పడిన ఇసుక దిబ్బ గాని, కూలిన చెట్టు గాని, వంతెన స్తంభం గాని ప్రవాహాన్ని మీ వైపు మళ్లిస్తున్నదేమో చూడాలి.

గట్టు అంచుకు సమాంతరంగా నేలలో పడిన పగుళ్లు, నది వైపు ఒరుగుతున్న చెట్లు, కింద మట్టి లేక గాలిలో వేలాడే పచ్చిక అంచు కోతకు గుర్తులు. అంచు నుంచి 10 మీటర్లు లోపలికి వరుసగా గూటాలు పాతి, ప్రతి వరద తరువాత గూటానికీ అంచుకూ మధ్య దూరం కొలిచి రాసుకోండి. ఒక్క ఏడాది లెక్క చేతిలో ఉంటే, రాయి ఎక్కడ వేయాలో, మొక్కలతో ఎక్కడ సరిపోతుందో వాదన లేకుండా తేలిపోతుంది.

నది గర్భంలో, ఒడ్డున చేసే పనులకు చాలా దేశాల్లో ప్రభుత్వ అనుమతి కావాలి. మీరు వేసిన రాయి ఎదుటి ఒడ్డునో దిగువ ఒడ్డునో కొత్త కోత పుట్టించవచ్చు కనుక ఆ అనుమతిని లాంఛనంగా భావించకూడదు. గట్టు ఎత్తు 3 మీటర్లు దాటినా, దగ్గరలో భవనం ఉన్నా ఈ వ్యాసాన్ని నమ్ముకుని పని మొదలుపెట్టకండి. ముందు నేలను పరీక్షించగల ఇంజనీరును పిలవండి.

సామగ్రి

మూలలు తేలిన గట్టి రాయి, గులకరాళ్లు, జియోటెక్స్‌టైల్ అని పిలిచే వడపోత గుడ్డ, కొబ్బరి పీచు వల, నాటడానికి పిలకలు, ఒక తవ్వకం యంత్రం, మనిషి ఎత్తుకు రెండింతల పొడవున్న ఇనుప కడ్డీ. అంతే. నున్నటి ఏటి రాళ్లు అసలు వాడకూడదు. అవి ఒకదానినొకటి పట్టుకోవు, దొర్లిపోతాయి.

రాయి ఎంత పెద్దదిగా ఉండాలో నది వేగం నిర్ణయిస్తుంది. వరదలో ఒడ్డు పక్కన కొట్టుకుపోతున్న కొమ్మ 20 మీటర్ల దూరం దాటడానికి పట్టే సమయాన్ని, భద్రమైన చోట నిలబడి చూసుకుంటే సుమారైన వేగం తెలుస్తుంది. సుడులు తిరిగే ప్రవాహం సెకనుకు 2 మీటర్ల వేగంతో పోతుంటే సుమారు 17 సెంటీమీటర్ల మందం గల రాయి, 3 మీటర్ల వేగానికి సుమారు 38 సెంటీమీటర్ల రాయి కావాలి. తేడా చిన్నదే అనిపిస్తుంది కాని, మొదటి రాయి బరువు 6, 7 కిలోలైతే రెండోది 70 కిలోలు దాటుతుంది. వేగం రెండింతలైతే నిలబడగలిగే రాయి బరువు 64 రెట్లు కావాలి. దగ్గరలో దొరికిన చిన్న రాయితో సరిపెడదామనే వారికి నేను ఈ ఒక్క లెక్కే చూపిస్తాను.

పార్కు నీళ్లు, పార్కు మనుషులు

గట్టుకు జరిగే హానిలో కొంత భాగం పార్కుదే. అంచు దాకా పెట్టిన స్ప్రింక్లర్లు గట్టును లోపలి నుంచి నానబెడతాయి. వాలు మధ్యలో తెరుచుకునే వాననీటి గొట్టాలు ప్రతి వానకూ ఒక వాగును తవ్వుతాయి. స్ప్రింక్లర్లను 5 మీటర్లు వెనక్కి జరపండి, గొట్టాన్ని రాతి పరుపు మీదుగా నదిమట్టం దాకా దించండి. నడకదారిని అంచు నుంచి వెనక్కి తీయండి. నీటి దగ్గరకు దిగడానికి ఒకచోట మెట్లు కట్టకపోతే జనం పదిచోట్ల తమ దారులు తాము వేసుకుంటారు కనుక ఆ మెట్లు తప్పనిసరి.

వాలు

నిటారుగా ఉన్న గట్టును 1 మీటరు ఎత్తుకు 2 మీటర్ల అడ్డం వచ్చేలా చెక్కాలి. స్థలం పోతుందని 1కి 1న్నర దగ్గర ఆపేవారున్నారు, ఆ వాలులో రాయి నిలుస్తుంది కూడా. పిల్లలు తిరిగే పార్కులో మాత్రం 1కి 2 కన్నా నిటారు వాలును నేను ఒప్పుకోను. చెక్కిన మట్టిని నదిలోకి నెట్టకూడదు.

పాదం

ఇక అసలు పని ఇది. మిగిలినవన్నీ బాగా చేసి ఇక్కడ తప్పితే అన్నీ పోతాయి. ఇక్కడ బాగా చేసి మిగిలినచోట్ల కొంత తప్పినా సరిచేసుకోవచ్చు.

మొదటి జాగ్రత్త లోతు విషయంలో. నీళ్లు తగ్గిన కాలంలో పాదం దగ్గర కనిపించే నది అడుగును నమ్మకూడదు. వరద ఉధృతంగా ఉన్నప్పుడు నది అడుగును లోతుగా తవ్వుతుంది, వరద తీస్తున్నప్పుడు ఆ గుంతను ఇసుకతో, ఒండ్రుతో తానే పూడ్చిపెడుతుంది. వేసవిలో మీరు చూసే చదునైన అడుగు ఆ పూడిక మాత్రమే. ఇనుప కడ్డీ తెచ్చుకోమన్నది ఇందుకే. పాదం వెంబడి ప్రతి 2 మీటర్లకు ఒకచోట కడ్డీని దించండి. పూడికలో అది సులువుగా దిగిపోతుంది, కదలని నేల తగలగానే ఆగిపోతుంది. అన్ని చోట్లా ఆ లోతు రాసుకుని, వాటిలో అన్నింటికన్నా ఎక్కువైన లోతును తీసుకోండి. సగటు తీయకండి, నది సగటు చోట తవ్వదు, లోతైన చోటే తవ్వుతుంది.

రెండో జాగ్రత్త తవ్వకం విషయంలో. పాదం కందకాన్ని మొత్తం పొడవునా ఒకేసారి తెరవడం ఈ పనిలో నేను చూసిన అతి ప్రమాదకరమైన తప్పు. పాదం తవ్వడమంటే, నది చేస్తున్న పనినే మీరు యంత్రంతో త్వరగా చేయడం. నానిన గట్టు ఆ క్షణంలోనే జారవచ్చు. అందువల్ల 3 నుంచి 5 మీటర్ల ముక్కను మాత్రమే తెరవాలి, అదే రోజు సాయంత్రానికి దానిని రాతితో నింపాలి, ఆ తరువాతే పక్క ముక్కకు పోవాలి. కందకం తెరిచి ఉండగా గట్టు కింద మనిషి నిలబడకూడదు. కొలత కూడా పైనుంచే తీసుకోవాలి. ఆకాశంలో మబ్బు ఉన్నా, ఎగువ జలాశయం నుంచి నీళ్లు వదులుతారన్న సమాచారం ఉన్నా ఆ రోజు కందకం తెరవకండి.

మూడోది, నీళ్ల వల్ల గాని, జారే ఇసుక వల్ల గాని కడ్డీ చెప్పిన లోతు దాకా తవ్వలేకపోతే ఏం చేయాలన్నది. చాలామంది ఇక్కడే "ఇంతవరకు చాలు" అని ఆపేస్తారు. చాలదు. తవ్వగలిగిన లోతులో, పాదం నుంచి నది వైపుకు రాతి పరుపు వేయాలి. వరదలో నది అడుగు తవ్వుకుపోయినప్పుడు ఈ పరుపు అంచు రాళ్లు తమంతట తాము గుంతలోకి జారి, కోత పడిన ముఖాన్ని కప్పేస్తాయి. పరుపు వెడల్పు, దాని అడుగు నుంచి ఇంకా ఎంత లోతు కోత పడవచ్చునో దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. మందం వాలు మీద వేసే రాతి మందానికి దాదాపు రెట్టింపు ఉండాలి, అందులోనూ నది వైపు అంచు ఇంకా మందంగా ఉండాలి. ముందు జారేది ఆ అంచే.

ఈ పరుపులో సిమెంటు వేయకూడదు. వేసిన చోట ఏమవుతుందో నేను స్వయంగా చూశాను. ఒక పార్కులో కాంట్రాక్టరు నా మాట కాదని పరుపు రాళ్లను సిమెంటుతో అతికించాడు. వరద వచ్చి కింద ఇసుకను తోడుకుపోయింది, అతికిన పరుపు మాత్రం కదలకుండా బల్లలా నిలిచి ఉంది. పైనుంచి చూసినవారంతా పని గట్టిగా ఉందని మెచ్చుకున్నారు. కడ్డీ దించి చూస్తే దాని కింద మనిషి దూరేంత ఖాళీ ఉంది. మరుసటి వరదలో బల్ల విరిగింది, దానితో పాటు వెనుక గట్టు 8 మీటర్ల మేర పోయింది. కదలడమే ఆ పరుపు చేయవలసిన పని. అందుకే వడపోత గుడ్డను కూడా వాలు పాదం దగ్గరే ముగించాలి, పరుపు కిందికి పరచకూడదు.

వాలు మీద గుడ్డ, రాయి

రాళ్ల సందుల్లోంచి గట్టు మట్టి బయటకు పోకుండా, నీరు మాత్రం పోయేలా వడపోత గుడ్డ పరవాలి. బిగించి లాగకుండా వదులుగా వేయాలి. అతుకు దగ్గర ఎగువ గుడ్డ దిగువ గుడ్డ మీదికి 45 సెంటీమీటర్లు రావాలి, లేకపోతే ప్రవాహం దాన్ని పేజీలా తిప్పేస్తుంది. గుడ్డ మీద 10 సెంటీమీటర్ల గులకరాళ్ల పొర, దాని మీద రాయి. రాయిని కింది నుంచి పైకి పేర్చుకుంటూ రావాలి. లారీ నుంచి వాలు మీదికి ఒంపితే గుడ్డ చిరుగుతుంది, పెద్ద రాళ్లన్నీ కిందికి, చిన్నవన్నీ పైకి చేరతాయి. రాతి పొర మందం, సగటు రాయి పరిమాణానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి.

దీనికి బదులు కాంక్రీటు గోడ ఎందుకు వద్దంటానో చెప్పాలి. గట్టు ఎక్కువగా కూలేది వరద నిండుగా ఉన్నప్పుడు కాదు, తీసిపోతున్నప్పుడు. వరదలో నది నీరే గట్టును బయటి నుంచి ఆనుకుని పట్టుకుంటుంది. నదిమట్టం గబగబా పడిపోతే ఆ ఆసరా పోతుంది, గట్టు లోపల నానిన నీరు మాత్రం అక్కడే ఉండి బయటికి నెడుతుంది. రాతి పొరలోంచి ఆ నీరు వేయి చోట్ల కారిపోతుంది. కాంక్రీటు గోడకు పెట్టిన నాలుగు గొట్టాల్లో మూడు రెండేళ్లకే పూడుకుపోతాయి. గోడ కావాలనేవారు అందం గురించి చెబుతారు. వంగిన గోడలో నాకు అందం కనిపించదు. వలపెట్టెల్లో రాయి నింపే గేబియన్లు గోడ కన్నా నయమే, కాని ఇసుక, గులకరాళ్లు దొర్లే నదిలో తీగ అరిగి తెగుతుంది.

రాతి పని ఎక్కడో హఠాత్తుగా ఆగిపోతే నది ఆ చివరను చుట్టి వెనుక నుంచి దూరుతుంది. వంపు మొదలయ్యే చోటుకు ఎగువన నది వెడల్పంత, వంపు ముగిసిన తరువాత దిగువన వెడల్పుకు ఒకటిన్నర రెట్ల దూరం దాకా రాతి పనిని కొనసాగించి, రెండు చివరలనూ గట్టు లోపలికి కందకం తవ్వి దించాలి.

మొక్కలు

సాధారణ వరదమట్టానికి పైన రాయి అక్కరలేదు, వేళ్లు చాలు. పచ్చిక బయళ్లలో వేసే గడ్డి వేళ్లు పైపైన మాత్రమే ఉంటాయి కనుక దానితో గట్టు ఆగదు. వెచ్చని ప్రాంతాల్లో వట్టివేరుకు సాటి లేదు: దాని వేళ్లు 2 నుంచి 4 మీటర్ల లోతుకు నిటారుగా దిగుతాయి. పిలకలను వాలుకు అడ్డంగా, 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడంతో వరుసగా నాటండి. వరుసకూ వరుసకూ మధ్య ఎత్తు తేడా 1 మీటరు మించకూడదు. చలి దేశాల్లో విల్లో కొమ్మలను పచ్చిగానే పాతితే వేళ్లూనుతాయి. మొక్కలు పట్టేదాకా మట్టిని కొబ్బరి పీచు వల పట్టి ఉంచుతుంది, ఆ తరువాత అదే కుళ్లి నేలలో కలుస్తుంది. మొదటి ఏడాది ఆ వాలు మీదికి మనుషులను, పశువులను రానివ్వకూడదు.

వరద తరువాత

మొదటి రెండు వరదలు తీసిన వెంటనే కడ్డీ పట్టుకుని పాదం వెంబడి నడవండి. పరుపు అంచు కిందికి దిగి ఉంటే కంగారు పడకండి, అది తన పని చేసిందని అర్థం. దిగిన మేరకు పైన రాయి వేయండి. అందుకోసం మొత్తం రాతిలో పదో వంతు పార్కులోనే ఒక మూల నిల్వ ఉంచుకోవాలి. బెంచీలకు దూరంగా పోసి, పిల్లలు ఎక్కకుండా చుట్టూ కంచె వేయండి. లేకపోతే అవసరమైన రోజుకు ఆ కుప్పలో సగం పూలమడుల చుట్టూ పేర్చి ఉంటుంది.