పాత పత్రాల్లో తేదీలు తేల్చడం – 4వ పాఠం: ఇంతకీ బిషప్ అయ్యిందెప్పుడు?

పోయిన పాఠంలో ఇంగ్లండ్ రాజులు గద్దెనెక్కిన తేదీలతో పట్టిక రాసుకోమన్నాను. అది పక్కన పెట్టుకోండి. ఈసారి ఒక్క మనిషినే తీసుకుందాం: వించెస్టర్ బిషప్ విలియం ఆఫ్ వికమ్ (1324–1404). మామూలు ఇంట్లో పుట్టి, విండ్సర్ కోటలో రాజు మూడో ఎడ్వర్డ్ కట్టడాల పనులు చూసి పైకొచ్చినవాడు.

ఈయన బిషప్ అయిన ఏడాది ఒకచోట 1366 అని, ఇంకోచోట 1367 అని కనిపిస్తుంది. రెండూ తప్పు కావు. 1366 అక్టోబరులో వించెస్టర్ మఠం సన్యాసులు ఎన్నుకున్నారు. పోప్ నియామకం వచ్చేసరికి 1367 జులై అయింది. అభిషేకం ఆ ఏడు అక్టోబరు 10న, లండన్ సెయింట్ పాల్స్‌లో. తన సొంత చర్చిలో పీఠం ఎక్కింది 1368 జులైలో! మధ్యలో, అభిషేకమైనా కాకముందే, రాజు ఆయన్ని ఛాన్సలర్‌ని (రాజముద్ర చేతిలో ఉండే పెద్ద మంత్రిని) కూడా చేసేశాడు.

అందుకే తేదీ ఒక్కటే రాసుకోకండి. అది ఎన్నికదా, అభిషేకానిదా అన్నది పక్కనే రాయండి. ఇది చాదస్తం కాదు, డబ్బు సంగతి. పీఠం, అంటే బిషప్ పదవి, ఖాళీగా ఉన్నన్నాళ్లూ దాని భూముల రాబడి రాజుకే చెందుతుంది. వించెస్టర్ అప్పట్లో ఇంగ్లండ్‌లోకెల్లా సంపన్న పీఠం.

ఇక లెక్క. ఒక పత్రంలో "1366 మార్చి 5, మూడో ఎడ్వర్డ్ ఏలుబడి 41వ ఏడు" అని ఉందనుకోండి. ఎడ్వర్డ్ ఏలుబడి మొదలైంది 1327 జనవరి 25న. మొదటి ఏడు 1327లో మొదలైంది కాబట్టి దాని ముందు ఏడైన 1326కి 41 కలిపితే 1367. అంటే 41వ ఏడు 1367 జనవరి 25న మొదలవుతుంది. మరి పత్రంలో 1366 ఎందుకుంది? అప్పటి ఇంగ్లండ్ గుమస్తాలకు కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. మార్చి 5 నాటికి వాళ్లింకా 1366లోనే ఉన్నారు, మన లెక్కలో అది 1367. మొదట్లో నేను ఇలాంటివి గుమస్తా పొరపాట్లనుకుని నోట్సులో దిద్దేసేవాణ్ణి. తర్వాత అవన్నీ మళ్లీ దిద్దుకోవాల్సొచ్చింది.

అభ్యాసం: 1367 అక్టోబరు 10 ఎడ్వర్డ్ ఏలుబడిలో ఎన్నో ఏడు? రెండోది: 1376లో వికమ్ మీద అభియోగాలు మోపి పీఠం భూములు లాక్కున్నారు, 1377 జూన్‌లో తిరిగిచ్చారు. ఈ మధ్యకాలంలో ఆయన్ని బిషప్ అని రాయాలా, మాజీ అనా? జవాబులు 5వ పాఠం మొదట్లో.