బోర్డర్ కోలీ: రూపం, పోషణ, పని

బోర్డర్ కోలీ కుక్కను ఇంటికి తెచ్చుకోవాలనుకునేవారు ముందుగా గుర్తుంచుకోవలసింది, ఇది అందం కోసం కాక పని కోసం తీర్చిదిద్దిన జాతి అన్న సంగతి. స్కాట్లాండ్, ఇంగ్లండ్ సరిహద్దు కొండల్లో గొర్రెల మందలను మళ్లించడానికి కాపరులు దీనిని తరతరాలుగా ఏరికోరి పెంచారు. 1893లో ఉత్తర ఇంగ్లండ్‌లోని నార్తంబర్లాండ్‌లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే మగకుక్క పెద్దగా మొరగకుండానే, తీక్షణమైన చూపుతో మందను అదుపు చేసేదని పేరు పొందింది. నేటి బోర్డర్ కోలీల వంశావళి దానివరకూ వెళుతుంది.

మగకుక్క భుజం వద్ద సుమారు 48 నుంచి 56 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది, ఆడకుక్క కొంచెం తక్కువ. బరువు సాధారణంగా 14 నుంచి 20 కిలోలు. నలుపు తెలుపుల కలయిక ఎక్కువగా కనిపించినా గోధుమరంగు, మూడు రంగులు, మచ్చలు పరచుకున్న మెర్ల్ కూడా ఉన్నాయి. మెర్ల్ కుక్కను మెర్ల్ కుక్కతోనే జతకట్టిస్తే చెవిటి, గుడ్డి పిల్లలు పుట్టే ప్రమాదం ఉంది కనుక అలాంటి జంటకు పుట్టిన పిల్లలను కొనకపోవడమే మంచిది. బొచ్చు పొడవుగానైనా పొట్టిగానైనా ఉండవచ్చు. రెండింటిలోనూ పైపొర కింద మెత్తటి లోపలిపొర ఉంటుంది. అన్నిటికంటే ఈ జాతిని పట్టి ఇచ్చేది నడక: తల దించి, ఒళ్లు నేలకు దగ్గరగా ఉంచి, ఎదుటిదానిపై చూపు నిలిపి నక్కుతూ కదులుతుంది.

పోషణలో చాలామంది పొరబడేది వ్యాయామం దగ్గరే. కుక్క అలసిపోవాలని రోజూ గంటల తరబడి బంతి విసురుతూ పోతే దాని దమ్ము పెరుగుతుందే తప్ప మనసు కుదుటపడదు. నడక, పరుగు అవసరమే, కానీ వాటితోపాటు బుర్రకు పని కావాలి: దాచిన వస్తువును వాసనతో వెతికించడం, బొమ్మలను పేరుతో గుర్తుపట్టి తెమ్మనడం, కొత్త ఆజ్ఞలు నేర్పడం. చేజర్ అనే బోర్డర్ కోలీ వెయ్యికి పైగా బొమ్మల పేర్లు నేర్చుకుంది. విశ్రాంతిని కూడా నేర్పాలి. ఒక చాపను చూపించి, దానిపై నిశ్శబ్దంగా పడుకున్నప్పుడు మాత్రమే చిన్న తినుబండారం పెడుతూ, ఆ వ్యవధిని కొద్దికొద్దిగా పెంచాలి.

పని దొరకని కోలీ తానే పని వెతుక్కుంటుంది. సైకిళ్లను, కార్లను, పరుగెత్తే పిల్లలను మందగా భావించి తరమడం, మడమలు పట్టబోవడం ఇందులో భాగం. దూకకముందే ఆపాలి: మెడ బిగిసి, తల కిందికి దిగి, కన్ను ఆర్పడం మానిన క్షణంలోనే పేరు పెట్టి పిలిచి, తిరిగి చూడగానే మెచ్చుకోవాలి. దూకిన తరువాత అరవడం వల్ల ఫలితం ఉండదు. రోడ్డు పక్కన తాడు వదలనే కూడదు.

పొడవు బొచ్చును వారానికి రెండు మూడుసార్లు దువ్వాలి. చెవుల వెనుక, చంకల్లో, వెనుక తొడల వద్ద చిక్కులు పడతాయి. చర్మం లాగకుండా వెంట్రుకల మొదలును వేళ్లతో పట్టుకుని, కొసల నుంచి పైకి విప్పుకుంటూ రావాలి. లోపలిపొర జోరుగా రాలే కాలంలో రోజూ దువ్వవలసిరావచ్చు. ఎండకు ఉపశమనమని బొచ్చు గొరిగించకూడదు, అది చర్మాన్ని ఎండ నుంచి కాపాడుతుంది.

ఈ జాతి ఒంట్లో ఓపిక లేకున్నా ఆట మానదు. వేడి వాతావరణంలో పరుగు తరువాత కాళ్లు తడబడినా, అయోమయంగా చూసినా వెంటనే ఆట ఆపి, నీడలోకి చేర్చి, ఒళ్లు చల్లబరిచి పశువైద్యునికి చూపించాలి. కొన్ని కోలీలకు జన్యులోపం వల్ల ఐవర్‌మెక్టిన్ వంటి నులిపురుగుల మందులు ఎక్కువ మోతాదులో విషమవుతాయి. నులిపురుగుల మందు ఏదైనా సొంతంగా వేయకుండా, ఈ లోపాన్ని గుర్తించే ఎండీఆర్1 జన్యుపరీక్ష గురించి వైద్యుని అడగాలి. కూనను కొనేముందు తల్లిదండ్రుల తుంటి కీళ్ల, కళ్ల పరీక్షల నివేదికలు అడిగి చూడాలి.