బ్యాంకు వేలంలో మొదటి ఇల్లు కొంటున్నారా?

నెల్లూరు, ఒంగోలు వైపు బ్యాంకు వేలం ప్రకటన కనిపిస్తే ధరకన్నా ముందు స్వాధీనం ఏ రకమో చూడండి. ‘సింబాలిక్’ అని ఉంటే తాళం ఇంకా బ్యాంకు చేతికి రాలేదు. లోపలున్నవాళ్లను ఖాళీ చేయించడానికి నెలలు పట్టొచ్చు. కొత్తవాళ్లు వదిలేయడమే మేలు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో 30 ఏళ్ల ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు, తాకట్ల వివరాల పత్రం) తీయించి సర్వే నంబరు, హద్దులు సరిచూడండి. ‘ఉన్నది ఉన్నట్టు’ అమ్మకం కాబట్టి ఇంటి పన్ను, కరెంటు బాకీలు మీ నెత్తిన పడొచ్చు.

చాలామంది దెబ్బతినేది డబ్బు దగ్గరే. పాటలో పాల్గొనడానికి ముందే కట్టే ధరావతు సాధారణంగా రిజర్వు ధరలో, అంటే బ్యాంకు పెట్టిన కనీస ధరలో, 10 శాతం. పాట మీదైతే అదేరోజు, లేదంటే మర్నాటి పనిదినంలోగా, ధరావతుతో కలిపి 25 శాతం కట్టాలి. మిగతాది అమ్మకం ఖరారైన 15 రోజుల్లో. బ్యాంకు ఒప్పుకుని గడువు పెంచినా మూడు నెలలు దాటదు. తప్పితే కట్టింది పోతుంది. అందుకే హౌసింగ్ లోను మాట పాటకు ముందే ఖాయం చేసుకోండి.